పదం మీద పెట్టిన కార్డ్ పక్కకి జారిపోతోంది సార్

ప్రశ్న: సార్, మాది తెనాలి దగ్గర పల్లెటూరు, చర్చిలో గిటార్ వాయిస్తాను. పాటలు వర్డ్‌లో టైప్ చేసి పైలైన్లో స్పేస్‌లు కొట్టి కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపుల పేర్లు) పెడతాను. నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటాయి, కీబోర్డ్ వాయించే తమ్ముడి ఫోన్లో తెరిస్తే అన్నీ పక్కకి పోతాయి. పైగా పాడే అక్క ఒక్కో ఆదివారం ఒక్కో స్కేల్ (శ్రుతి) అంటుంది. నొటేషన్ (స్వరాల గుర్తులు) రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ నేర్చుకోమంటున్నారు, నాకేమో నొటేషన్ చదవడం రాదు. ఏం చేయమంటారు?

జవాబు: బ్రదర్, ఈ స్పేస్‌ల బాధ నేనూ పడ్డాను, నెట్ సెంటర్లో ప్రింట్ తీయిస్తే అక్కడ ఫాంట్ మారిపోయి చరణంలో మా బేస్ గిటార్ అబ్బాయి ఒక దారి, నేనొక దారి. ఫాంట్ మారితే తెలుగు అక్షరాల వెడల్పు, ముఖ్యంగా ఒత్తులున్న చోట, మారిపోతుంది కదా, స్పేస్‌లకి ఆ సంగతి తెలీదు.

మీకు పదాల మీద కార్డ్స్ చాలనుకుంటే మ్యూజ్‌స్కోర్ దాకా వెళ్ళక్కర్లేదు, కార్డ్‌ప్రో పద్ధతిలో రాసుకోండి. కార్డ్ పేరు బ్రాకెట్లో పెట్టి అక్షరానికి ముందే అతికించేయడమే, [జి]చంద[డి]మామ అన్నట్టు (కార్డ్ పేరు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి). ఇది చదివే యాప్‌లో తెరిస్తే కార్డ్ అక్షరాన్ని వదలదు, స్కేల్ కూడా చాలా యాప్‌లలో ఒక్క బటన్‌తో మారుతుంది.

ఒక్కో కార్డ్ ఎన్ని బీట్లు, ఎక్కడ ఆపాలి అన్నది బ్యాండ్ అందరికీ కనపడాలంటే అప్పుడు మ్యూజ్‌స్కోర్. ఫ్రీయే. నొటేషన్ రాకపోయినా ఏం కాదు, ఖాళీ బార్లు (తాళం ఒక్కో ఆవృత్తికి ఒక్కో గడి) సెలెక్ట్ చేసి టూల్స్‌లో ఫిల్ విత్ స్లాషెస్ నొక్కితే బీట్‌కొక గీత పడుతుంది, 4/4 అయితే నాలుగు, 3/4 అయితే మూడు. మొదటి గీత మీద కంట్రోల్ కె కొట్టి కార్డ్ టైప్ చేయండి, స్పేస్ కొడితే తర్వాతి బీట్‌కి, ట్యాబ్ కొడితే తర్వాతి బార్‌కి వెళ్తుంది. బి ఫ్లాట్ కావాలంటే పెద్ద బి పక్కన చిన్న బి, గుర్తు అదే వేసుకుంటుంది. కంట్రోల్ ఎమ్ కొట్టి పల్లవి, చరణం అని పైన రాసుకోండి, లైన్‌కి నాలుగు బార్లే ఉండాలంటే నాలుగో బార్ సెలెక్ట్ చేసి ఎంటర్.

ఇక అక్క సంగతి. డి (D) లో రాసింది ఇ (E) లో కావాలంటే మొత్తం సెలెక్ట్ చేసి టూల్స్‌లో ట్రాన్స్‌పోజ్, కార్డ్ సింబల్స్ దగ్గర టిక్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి. డి, జి, ఎ ఉన్నవి ఇ, ఎ, బి అయిపోతాయి. ఆ షీట్ కీబోర్డ్ తమ్ముడికి. మీరు మాత్రం రెండో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్) బిగించి పాత డి షీటే వాయించండి, హాయిగా ఉంటుంది.

అందరికీ పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. మా ఇంట్లో మాత్రం కార్డ్స్ ప్రింట్ తేవాలి అంటే ఇప్పటికీ రేషన్ కార్డా అని అడుగుతారు.