టమాటాలో టూటా: బుట్ట ఎప్పుడో చెబుతుంది, ఎంతో ఆకే చెబుతుంది

ఆకుల మీద తెల్ల మచ్చలు, కాయ ముచ్చిక దగ్గర సూది బెజ్జాలు కనిపిస్తున్నాయి, ఇది టూటానా (టమాటా ఆకును, కాయను తొలిచే పురుగు), లింగాకర్షక బుట్టలు (వాసనతో మగ పురుగుల్ని రప్పించి పట్టేవి) ఎన్ని పెట్టాలి అని అడిగారు.

ముందు ఆకును వెలుతురుకు ఎత్తి చూడండి. సన్నటి వంకర గీతలే ఉంటే పాముపొడ, అది ఆకును తొలిచే వేరే పురుగు. టూటా తొలిచిన చోటు వెడల్పై బొబ్బలా మారుతుంది, లోపల నల్లటి రెట్ట ఉంటుంది. పొరల మధ్య పురుగు కనిపిస్తే దాడి తాజాది. తల వెనక సన్నటి నల్ల పట్టీ దాని గుర్తు. శనగపచ్చ పురుగైతే కాయకు పెద్ద గుండ్రటి రంధ్రం చేస్తుంది.

2014లో మహారాష్ట్రలో బయటపడిన ఈ దక్షిణ అమెరికా పురుగు నారుతోనూ, మార్కెట్ క్రేట్లతోనూ ఊళ్లు దాటుతుంది. అందుకే బుట్టలు నాటడానికి వారం ముందే పెట్టాలి, నారుమడి దగ్గర కూడా.

నిఘాకు ఎకరాకు ఒకటి రెండు చాలు. మగ రెక్కల పురుగుల్ని మూకుమ్మడిగా పట్టాలంటే 16 దాకా కావాలి. దుకాణంలో లూర్ (బుట్టలో పెట్టే వాసన ఎర) ప్యాకెట్ మీద టూటా పేరు చదివి తీసుకోండి. శనగపచ్చ పురుగు లూర్ పెడితే ఒక్క టూటా కూడా పడదు, పంట బాగుందని మోసపోతాం. లూర్‌ను వట్టి చేత్తో ముట్టుకోవద్దు, నాలుగు నుంచి ఆరు వారాలకు మార్చాలి, పాతది చేలో పారేయకూడదు. ఇవి నేలకు దగ్గరగా ఎగురుతాయి, బుట్ట మరీ ఎత్తున కడితే తక్కువ పడతాయి. జిగురు అట్ట దుమ్ముకు త్వరగా పాడవుతుంది. ఎర్రనేలల్లో నీళ్ల పళ్లెమే నయం: నీళ్లలో కాస్త సర్ఫ్, పైన రెండు చుక్కల నూనె, ఎండాకాలం రెండు రోజులకోసారి నీళ్లు నింపడం.

బుట్టకు వారానికి 30 రెక్కల పురుగులు దాటితే ప్రమాదమని అంటారు. ఆ అంకె ఒక్కదాన్నే నమ్మి మందు కొట్టొద్దు. పడేవి మగవే, అవి పక్క చేలోవీ కావచ్చు. వారానికోసారి అడ్డదిడ్డంగా నడిచి 20 మొక్కల్లో చిగురాకులు, కాయ ముచ్చికలు చూడండి. గట్ల వెంబడి, పాత టమాటా కంప పడున్న వైపు ముందు చూడాలి.

బుట్టలో పడేవి హఠాత్తుగా పెరిగితే, అప్పుడు చేలో పెట్టిన గుడ్లు నాలుగైదు రోజుల్లో పొదుగుతాయి. చిన్న మచ్చలు మొదలైన ఆ రోజుల్లోనే మందు పనిచేస్తుంది. పురుగు కాయలోకి దూరాక అందదు.