మాడ్యూల్‌ను తిట్టే ముందు కాయిల్‌ను కొలవండి

పాత కారులో పాయింట్స్ (కాయిల్‌కి కరెంటు కలిపి, ఆపి స్పార్క్ పుట్టించే మెకానికల్ స్విచ్) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెడితే నెల తిరక్కుండా మాడ్యూల్ (పాయింట్స్ పని చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) పోయిందనీ, మళ్ళీ పాయింట్సే నయమా అనీ అడిగారు. నయం కాదు. ఇలా పోయేవాటిలో తప్పు చాలావరకు స్పార్క్ ప్లగ్‌లకు హై వోల్టేజ్ ఇచ్చే కాయిల్‌ది, లేదా వైరింగ్‌ది.

కాయిల్ వైర్లు ఊడదీసి ప్లస్, మైనస్ టెర్మినల్స్ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 3 ఓమ్‌లు, అటూఇటుగా చూపిస్తే నేరుగా 12 వోల్టులకు చేసిన కాయిల్. 12 వోల్టుల దగ్గర కరెంటు 4 ఆంపియర్ల చుట్టూ ఉంటుంది. 1.5 ఓమ్‌లు చూపిస్తే బాలాస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి ముందు కరెంటును తగ్గించే రెసిస్టర్) వాడాల్సినది. రెసిస్టర్ లేకుండా కలిపి, ఇంజిన్ ఆగి ఉండగా కీ ఆన్‌లో వదిలేస్తే 8 ఆంపియర్ల దాకా ఆగకుండా పారవచ్చు. కరెంటును తనే కట్ చేసుకునే ఏర్పాటు లేని మాడ్యూల్ అయితే ఆ వేడికే మాడిపోతుంది. 'పవర్‌ఫుల్ కాయిల్' అని అమ్మేవాళ్ళు ఈ ఓమ్‌ల లెక్క చెప్పరు, కొనేవాళ్ళు అడగరు. అసలు గొడవంతా ఇక్కడే.

రెసిస్టర్ ఉన్న కారులో ఇంకో మెలిక ఉంది. రెసిస్టర్ కాయిల్‌కి కావాలి, మాడ్యూల్‌కి అక్కర్లేదు. మాడ్యూల్ ఎర్ర వైరును రెసిస్టర్‌కు ముందే, ఇగ్నిషన్ స్విచ్ వైపు కలపండి. కాయిల్ ప్లస్ దగ్గర కలిపితే వోల్టేజ్ చాలక మిస్సింగ్ వస్తుంది. కొన్ని కార్లలో రెసిస్టర్ విడిగా కనబడదు, స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చే వైరే రెసిస్టెన్స్ వైరు. పాయింట్స్ విప్పకముందే, అవి మూసుకుని ఉండగా కీ ఆన్ చేసి కాయిల్ ప్లస్ దగ్గర చూడండి. 6, 7 వోల్టులే ఉంటే రెసిస్టర్ ఎక్కడో ఉన్నట్టే.

డిస్ట్రిబ్యూటర్‌లో (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్‌కి పంచే భాగం) బేస్ ప్లేట్ నుంచి బాడీకి వెళ్ళే సన్నటి ఎర్త్ వైరును పారేయకండి, అది తెగితే స్పార్క్ వచ్చిపోతుంటుంది. లోపల ఉత్త రాగి తీగ ఉన్న ప్లగ్ వైర్లు మాడ్యూల్‌ను గందరగోళపెడతాయి, కార్బన్ కోర్ వైర్లు వేయండి. పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉండే) కారుకైతే దానికోసమే చేసిన కిట్ కావాలి.

కిట్ పెట్టాక టైమింగ్ (స్పార్క్ పడే సమయం) దాదాపు తప్పకుండా మారుతుంది. డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వాక్యూమ్ పైపు ఊడదీసి, దాని నోరు మూసి, టైమింగ్ లైట్‌తో మళ్ళీ సెట్ చేయండి. వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపే ఏర్పాటులోని అడ్వాన్స్ స్ప్రింగులు సాగిపోయి ఉంటే ఏ కిట్టూ వాటిని బాగుచేయదు.

తీసిన పాయింట్స్, కండెన్సర్ మాత్రం ఫీలర్ గేజ్‌తో (గ్యాప్ కొలిచే సన్నటి రేకులు) పాటు డిక్కీలో ఉంచుకోండి. దారిలో మాడ్యూల్ పోతే అరగంటలో బిగించి, మీ కారు మాన్యువల్‌లోని గ్యాప్ పెట్టుకుని బయల్దేరవచ్చు.