ఇన్సూరెన్స్ కార్డు ఉంది కదా అని చేతిలో డబ్బు లేకుండా ఉండొద్దు

ప్రశ్న: మేం అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాం. నేను క్యాథలిక్ సంస్థ నడిపే ఒక హాస్పిటల్ గ్రూపులో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. మావారు హెచ్‌1బీ మీద ఒక కన్సల్టెన్సీలో ఉన్నారు. రెండేళ్ల పాప ఉంది. ఇప్పట్లో ఇంకో బిడ్డ వద్దనుకుని బయటి క్లినిక్‌లో ఐయూడీ (కాపర్-టీ లాంటి గర్భనిరోధక సాధనం) వేయించుకున్నాను. అమెరికాలో ఇది ఫ్రీ అని అందరూ చెప్పారు. తీరా చూస్తే మా కంపెనీ మతపరమైన కారణాలతో గర్భనిరోధక ఖర్చు ఇన్సూరెన్స్‌లో ఇవ్వదట. 1,460 డాలర్ల బిల్లు వచ్చింది. క్లినిక్ కౌంటర్‌లోనే ఒక మెడికల్ క్రెడిట్ కార్డు ఇచ్చారు, ఏడాది వడ్డీ లేదన్నారు. నెలకు 60 చొప్పున ఆరు నెలలు కట్టాను, 1,100 మిగిలింది. ఇంకో కార్డు మీద 4,800 బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. షాద్‌నగర్ ప్లాటుకి నెలకు 48,000 రూపాయల ఈఎంఐ, నాన్న పేరు మీద 5 లక్షల చీటీకి నెలకు 20,000 పంపిస్తున్నాం. బ్యాంకులో 900 డాలర్లు ఉన్నాయి. హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) 700 ఉన్నాయి కానీ మా ప్లాన్ దీన్ని కవర్ చేయదు కాబట్టి వాడకూడదనుకున్నాను. రిటైర్మెంట్ ఖాతా నుంచి 10,000 లోన్ తీసుకుని అన్నీ తీర్చేద్దామా? కంపెనీ మీద కంప్లయింట్ ఇవ్వొచ్చా?

జవాబు: అమ్మా, ఆ లోన్ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే రద్దు చేసుకునే అవకాశం ఉందేమో రేపు పొద్దున్నే కనుక్కోండి. మీ ఉత్తరాన్ని ఇక్కడ తీసుకున్నది ఐయూడీ గురించి కాదు. ఇద్దరు సంపాదిస్తూ, ఇండియాలో ప్లాటు, చీటీ కడుతూ, అమెరికాలో బ్యాంకులో 900 డాలర్లతో బతుకుతున్న ఇళ్లు మన తెలుగువాళ్లలో చాలా ఉన్నాయి. మంచి కంపెనీ, మంచి ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి ఫర్వాలేదనుకుంటారు. 1,460 డాలర్ల బిల్లుకే మీ ఇల్లు ఇంత కదిలిపోయిందంటే రేపు ఇంకేదైనా వస్తే ఏంటి పరిస్థితి?

ముందు హెచ్‌ఎస్‌ఏ సంగతి. మీ ప్లాన్ ఏం కవర్ చేస్తుందన్నదానికీ, హెచ్‌ఎస్‌ఏ డబ్బు దేనికి వాడుకోవచ్చన్నదానికీ సంబంధం లేదు. ఆ ఖాతా మీది, మీ యజమాని వేసిన డబ్బు కూడా అందులో పడ్డాక మీదే. అది ఏ వైద్య ఖర్చుకి పనికొస్తుందో చెప్పేది అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్, మీ హెచ్‌ఆర్ కాదు. డాక్టర్ దగ్గర వేయించుకున్న ఐయూడీ అందులోకి వస్తుంది. మీరు చూసుకోవాల్సింది ఒక్కటే, ఖర్చు జరిగిన తేదీకి హెచ్‌ఎస్‌ఏ తెరిచి ఉందా లేదా. తెరిచి ఉంటే ఆరు నెలలు గడిచినా సరే, బిల్లు, రసీదు దాచుకుని ఆ 700 పన్ను లేకుండా తీసుకోవచ్చు. తీసి నేరుగా ఆ మెడికల్ కార్డుకి కట్టేయండి. 400 మిగులుతుంది, మిగిలిన ఆరు నెలలకు నెలకు 67 డాలర్లు. ఇప్పుడు మీరు కడుతున్నదానికన్నా ఏడు డాలర్లు ఎక్కువ, అంతే. దీనికోసమా రిటైర్మెంట్ డబ్బు తవ్వుదామనుకున్నారు?

ఆ మెడికల్ కార్డు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. 'ఏడాది వడ్డీ లేదు' అనే మాట పూర్తిగా నిజం కాదు. ఏడాదిలోపు మొత్తం తీరిస్తేనే వడ్డీ లేదు, ఒక్క డాలర్ మిగిలినా మొదటి రోజు నుంచీ లెక్కగట్టిన వడ్డీ అంతా ఒకేసారి నెత్తిన పడుతుంది. నెలకు 60 చొప్పున కడుతూ పోతే ఏడాది చివర మీకు 740 బాకీ ఉండేది, ఇలాంటి కార్డుల్లో మామూలుగా ఉండే 30 శాతం దగ్గర వడ్డీ వేస్తే ఇంకో 300కి పైనే దాని మీద చేరేది. ఇంకో నష్టం చాలామందికి తెలియదు. బిల్లు ఆ కార్డు మీదకు ఎక్కిన క్షణమే క్లినిక్‌కి డబ్బు ముట్టిపోయింది. ఆ తర్వాత వాళ్లతో తగ్గించమని బేరమాడే అవకాశం లేదు, వాయిదాలు ఇవ్వమని అడిగే అవకాశం లేదు. చాలా క్లినిక్‌లు అడిగితే వడ్డీ లేకుండా సొంతంగా వాయిదాలు ఇస్తాయి, అడగాలి అంతే. పేషెంటు ఇంకా నొప్పితో కూర్చుని ఉండగా కౌంటర్‌లో అప్పు అంటగట్టడం నాకు అస్సలు మింగుడుపడని విషయం. దయచేసి ఇంకెప్పుడూ అక్కడ సంతకం పెట్టకండి, బిల్లు ఇంటికి పంపమనండి.

ఇక మీ కంపెనీ సంగతి. 'ఫ్రీ' అని చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్ల కంపెనీల్లో అది నిజం. 2010 నాటి ఒబామా ఆరోగ్య చట్టం కింద వచ్చిన నిబంధన ప్రకారం, 2012 ఆగస్టు తర్వాత మొదలైన చాలా ప్లాన్లు మహిళల గర్భనిరోధక పద్ధతులను కోపే (మన జేబులోంచి కట్టే వాటా) లేకుండా ఇవ్వాలి. చర్చిలకు మొదటినుంచీ మినహాయింపు ఉంది. క్యాథలిక్ హాస్పిటళ్లు, కాలేజీల లాంటివాటికి అప్పట్లో మధ్యేమార్గం పెట్టారు. మా నమ్మకానికి విరుద్ధం అని సంస్థ తెలియజేస్తే, ఇన్సూరెన్స్ కంపెనీయో, ప్లాన్ నడిపే సంస్థో ఆ ఖర్చు వేరుగా భరించేది, ఉద్యోగికి మాత్రం ఫ్రీగానే అందేది. 2014లో హాబీ లాబీ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో, కొద్దిమంది చేతుల్లో ఉన్న ప్రైవేటు కంపెనీలకు కూడా మతపరమైన అభ్యంతరం చెప్పే హక్కు ఉందంది. 2017లో తెచ్చి 2018లో ఖాయం చేసిన ట్రంప్ ప్రభుత్వ నిబంధనలు ఆ మధ్యేమార్గాన్ని ఐచ్ఛికం చేశాయి, అంటే యజమాని పూర్తిగా తప్పుకోవచ్చు, ఉద్యోగికి వేరే దారి చూపించక్కర్లేదు. 2020లో సుప్రీంకోర్టు 7-2తో ఆ నిబంధనలను నిలబెట్టింది. మళ్లీ 2025 ఆగస్టులో ఫిలడెల్ఫియాలోని ఒక ఫెడరల్ జడ్జి వాటిని కొట్టేశారు. ఇలాంటివి పైకోర్టులకు వెళ్తూనే ఉంటాయి. పదమూడేళ్లుగా అటూ ఇటూ ఊగుతున్న ఈ వ్యవహారాన్ని నమ్ముకుని ఇంటి బడ్జెట్ వేసుకోకూడదు.

కాబట్టి కంప్లయింట్ ఇవ్వడం మీ ఇష్టం, డబ్బు వస్తుందని మాత్రం ఆశపెట్టుకోకండి. మా నమ్మకం మాది అనే హక్కు వాళ్లకుంది, కాదనను. కానీ ఇన్సూరెన్స్ జీతంలో భాగం, మీరు పనిచేసి సంపాదించుకున్నది. అందులోంచి ఒక ముక్క తీసేసినప్పుడు ఆ సంగతి ఉద్యోగంలో చేరే రోజునే నోటితో చెప్పాలి, వంద పేజీల కాగితంలో ఎక్కడో ఒక లైను రాసి ఊరుకోవడం పద్ధతి కాదు. మీరు హెచ్‌ఆర్‌ని రెండు ప్రశ్నలు ఈమెయిల్‌లో అడగండి. ఒకటి, మన ప్లాన్‌లో ఆ పాత మధ్యేమార్గం ఏమైనా ఉందా? కొన్ని సంస్థలు ఇప్పటికీ ఉంచుకున్నాయి, ఉంటే మీ బిల్లు వెనక్కి రావచ్చు. రెండు, ఇది చట్టం దృష్టిలో 'చర్చి ప్లాన్' (మామూలు కంపెనీల ప్లాన్లకుండే కొన్ని నిబంధనలు వర్తించని, చర్చి సంస్థల ప్లాన్) కిందకు వస్తుందా?

ఈ రెండో ప్రశ్న ఎందుకంటే, ఐయూడీ కన్నా పెద్ద విషయం అక్కడుంది. 2017లో సుప్రీంకోర్టు చర్చికి అనుబంధంగా ఉన్న హాస్పిటళ్ల పెన్షన్ ప్లాన్లు కూడా చర్చి ప్లాన్లే కావచ్చని ఏకగ్రీవంగా తేల్చింది. అలాంటి పెన్షన్లకు మామూలు కంపెనీల పెన్షన్లకుండే ప్రభుత్వ బీమా సాధారణంగా ఉండదు. ఉద్యోగం పోతే సొంత డబ్బుతో అదే ఇన్సూరెన్స్‌ని కొనసాగించుకునే కోబ్రా హక్కు కూడా చర్చి ప్లాన్లకు వర్తించదు. సంస్థ తనంతట తాను ఇస్తే ఉంటుంది, లేకపోతే లేదు. మీ వారి సంగతి చూస్తే హెచ్‌1బీ, ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఇదంతా కలిపి చూడండి. మీ ఇంటికి అత్యవసర నిధి మూడు నెలలది సరిపోదు, ఆరు నెలలది కావాలి. నెలకు 5,200 డాలర్ల ఖర్చు అనుకుంటే 31,200. ఇంత పెద్ద అంకె చూసి భయపడకండి, ఒక్కరోజులో పోగు చేయమనడం లేదు, కానీ ఆ అంకె గోడ మీద రాసిపెట్టుకోవాలి.

'సంవత్సరానికి ఇంతకన్నా మన జేబులోంచి పోదు' అని ప్లాన్‌లో ఒక పరిమితి రాసి ఉంటుంది కదా, 2026 ప్లాన్లకు చట్టం అనుమతించే గరిష్ఠం ఒక్కరికి 10,600, కుటుంబానికి 21,200 డాలర్లు. చాలామంది దాన్ని చూసి ధీమాగా ఉంటారు. ప్లాన్ కవర్ చేయని ఖర్చు ఆ లెక్కలోకే రాదు. మీ 1,460 డిడక్టిబుల్‌లోనూ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేముందు మనం కట్టుకునే మొత్తం) పడలేదు, ఆ పరిమితిలోనూ పడలేదు. ఇన్సూరెన్స్ కాగితంలో నేను మొదట చదివేది ఏం ఇస్తారన్న పేజీ కాదు, ఏం ఇవ్వరన్న పేజీ. మినహాయింపు ఎక్కడ మొదలవుతుందో సొంత డబ్బు అవసరం అక్కడ మొదలవుతుంది.

డబ్బు ఎక్కడినుంచి వస్తుందంటారా, మీ దగ్గరే ఉంది. చీటీ ఎన్ని నెలలు అయిందో మీరు రాయలేదు, 20,000 చొప్పున 25 నెలలది అయ్యుంటుంది. చివరికి వచ్చి ఉంటే ఇప్పుడు పాడినా పోయేది తక్కువే. నాన్నగారిని పాడమనండి. ష్యూరిటీలు అడుగుతారు, అది ఆయన చూసుకోగలరు. వచ్చిన డబ్బుని అమెరికాకి తెప్పించుకోవక్కర్లేదు, అక్కడే ఉంచి దాంట్లోంచి ప్లాటు ఈఎంఐ కట్టించండి. దాదాపు తొమ్మిది నెలలు గడుస్తాయి. అన్ని నెలలూ మీరు పంపే ఐదువందల యాభై డాలర్లు మీ దగ్గరే ఉంటాయి. మొదటి నాలుగు నెలలవి కదలకుండా సేవింగ్స్ ఖాతాలో వేయండి, ఇప్పుడున్న 900తో కలిపి 3,100 అవుతుంది. ఆ తర్వాతివి 24 శాతం కార్డుకి కొట్టండి. లెక్కల మాస్టారు ఎవరైనా ముందు కార్డు తీర్చమంటారు, వడ్డీ ప్రకారం ఆయన చెప్పింది కరెక్టే. కానీ చేతిలో డబ్బు లేకుండా కార్డు తీర్చిన ఇళ్లు తర్వాతి బిల్లుకి మళ్లీ అదే కార్డు గీకడం నేను చాలాసార్లు చూశాను. కార్డు అయిపోయాక ప్రతి డాలరూ నిధికే. రెండో ప్లాటు ఆలోచన ఉంటే 31,200 చేరేదాకా దాని ఊసెత్తకండి.

రిటైర్మెంట్ లోన్ ఎందుకు వద్దంటే, ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో ఆ బాకీ కూడా వెంటనే మీద పడుతుంది. ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా ఆ మొత్తం సర్దలేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు, పైన 10 శాతం పెనాల్టీ. 24 శాతం కార్డు నుంచి తప్పించుకోవడానికి, ఉద్యోగానికి ముడిపెట్టిన అప్పు చేయడమేంటి? పర్సనల్ లోన్ జోలికి కూడా వెళ్లకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మీ వారి ప్లాన్ మతసంస్థది కాకపోతే గర్భనిరోధకాలు అందులో ఫ్రీగా వచ్చే అవకాశమే ఎక్కువ, వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో (ఏటా ప్లాన్ మార్చుకునే సమయం) ప్రీమియం, డిడక్టిబుల్ పోల్చి చూడండి. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో సొంతంగా కొనుక్కునే ప్లాన్‌లో కూడా ఇస్తారు, కానీ ఆఫీసు ప్లాన్ మీ ఆదాయానికి భరించగలిగేదిగా లెక్కకొస్తే సబ్సిడీ రాదు. ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే మొదటి రోజువారీ గర్భనిరోధక మాత్రకు 2023లో అనుమతి వచ్చింది, నెలకు 20 డాలర్ల దగ్గర ఉంటుంది. మీవారు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటానంటే మంచిదే, కానీ మగవారి పద్ధతులను ఫ్రీగా ఇవ్వాలన్న ఫెడరల్ నిబంధన లేదు. నెలసరిలో అధిక రక్తస్రావం లాంటి సమస్యకి డాక్టర్ హార్మోన్ ఐయూడీనో మాత్రలో రాస్తే చాలా మతసంస్థల ప్లాన్లు కూడా ఇస్తాయి. సమస్య నిజంగా ఉంటేనే సుమా, లేనిది రాయించొద్దు.

హైదరాబాద్, విజయవాడలో కూర్చుని ఇది అమెరికా గొడవ అనుకునేవాళ్లకి ఒక మాట. మన దగ్గర మతం ప్రసక్తే లేకుండా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో 17వ కోడ్ కింద గర్భనిరోధం, సంతానలేమి చికిత్స రెండూ ఉన్నాయి, మీ పాలసీ తీసి చూడండి. కాపర్-టీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే కాబట్టి దాంతో ఇబ్బంది లేదు. ఐవీఎఫ్‌కి అప్పు చేసిన జంటలు మాత్రం నాకు ఉత్తరాలు రాస్తూనే ఉంటారు.

హెచ్‌ఎస్‌ఏ నుంచి ఆ 700 ఈ వారమే తీయండి, మెడికల్ కార్డు గడువు తేదీ స్టేట్‌మెంట్‌లో చూసి దానికి నెల ముందే చివరి డాలరు కట్టేయండి. హెచ్‌ఆర్ నుంచి ఏం జవాబు వచ్చిందో నాకు రాయండి.