కొత్త వ్యాపారానికి బిజినెస్ ప్లాన్ ఎన్ని పేజీలు ఉండాలి?

సొంత డబ్బుతో మొదలుపెట్టే చిన్న వ్యాపారానికి ఒకటి రెండు పేజీలు చాలు. బ్యాంకుకో పెట్టుబడిదారుడికో ఇవ్వాలంటేనే వివరంగా రాయాల్సి వస్తుంది. ఎందుకంటే ప్లాన్ అసలు పని మన అంచనాలు నిలుస్తాయో లేదో కాగితం మీద లెక్క చూసుకోవడం. ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు, మన సంగతి వాళ్లకు ఎలా తెలుస్తుంది అన్నవి నాలుగు ముక్కల్లో రాసేయొచ్చు. టైమ్ పెట్టాల్సింది అంకెల దగ్గర.

ఉదాహరణకు, టీషర్టుల మీద బొమ్మలు ప్రింట్ చేసి అమ్మాలనుకుందాం. ఒక్కోటి 500కి అమ్మితే బట్టకీ రంగులకీ ప్యాకింగ్‌కీ 300 పోయి 200 మిగులుతుంది. అద్దె, జీతం, కరెంటు కలిపి నెలకు 40,000 అయితే, దాన్ని 200తో భాగించాలి. నెలకు 200 టీషర్టులు, అంటే రోజుకు దాదాపు 7 అమ్మితే ఖర్చులకు సరిపోతుంది, అంతే. లాభం ఆ తర్వాతే. అన్ని అమ్మగలమా అన్నది ఇక్కడే తేలిపోవాలి.

చాలామంది పొరబడేది, లాభం వస్తే చేతిలో డబ్బు ఉన్నట్టే అనుకోవడం. షాపులకు అరువిచ్చిన సరుకు డబ్బు 60 రోజులకు వస్తుంది, అద్దె మాత్రం నెల తిరిగేసరికి కట్టాలి. అందుకే లాభనష్టాల లెక్కతో పాటు, ఏ నెలలో ఎంత చేతికొస్తుంది, ఎంత బయటికి పోతుంది అన్నది మొదటి 12 నెలలకు విడిగా వేసుకోవాలి.