గ్యాస్ నింపించే ముందు గాలి సంగతి చూడండి

"కారు ఏసీలో గాలి బాగా తగ్గిపోయింది, మెకానిక్ గ్యాస్ అయిపోయిందంటున్నారు, నింపించమంటారా?" అని మీరు అడిగారు. నింపించకండి. ఆ మాట నమ్మి రెండు వేల రూపాయలు పోగొట్టుకున్నాను, మండు వేసవిలో మా అమ్మను హైదరాబాదు నుంచి విజయవాడ దాకా ఉక్కపోతలో కూర్చోబెట్టాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గ్యాస్ తగ్గితే ముందుగా తగ్గేది చల్లదనం. గాలిని తోసే పని డ్యాష్‌బోర్డు వెనకనున్న బ్లోయర్ మోటారుది, దానికి గ్యాస్‌తో పని లేదు. ఈ రెండింటినీ వేరు చేసి చూడకపోవడం వల్లనే మన ఊళ్లలో సగం కార్లకు అక్కరలేని గ్యాస్ పడుతోందని నా గట్టి నమ్మకం.

2019 మే నెలలో జరిగిన సంగతి ఇది. ప్రయాణానికి పది రోజుల ముందే ఒక షెడ్డులో గ్యాస్ నింపించాను కాబట్టి నిశ్చింతగా బయలుదేరాము. మొదటి గంట హాయిగానే గడిచింది. సూర్యాపేట దగ్గరపడేసరికి మాత్రం, నాబ్ నాలుగో నంబరు మీదే ఉండి బ్లోయర్ హోరు స్పష్టంగా వినిపిస్తున్నా, వెంట్ల నుంచి వచ్చే గాలి నా చేతికి కూడా సరిగా తగలడం మానేసింది. వెనక సీట్లో అమ్మ కొంగుతో విసురుకోవడం అద్దంలో కనిపిస్తూనే ఉంది. కోదాడలో టీ కోసం ఇరవై నిమిషాలు ఆగి తిరిగి వచ్చి చూస్తే, కారు కింద మామూలుగా ఏసీ నీరు నాలుగు చుక్కలు పడే చోట చిన్న మడుగే కట్టి ఉంది. కారు స్టార్టు చేయగానే గాలి మళ్లీ వచ్చింది. నందిగామ దాటాక మళ్లీ తగ్గిపోయింది.

మర్నాడు ఆటోనగర్‌లో ఏసీ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్లాను. "గాలి తగ్గుతోందా సార్, చల్లదనం తగ్గుతోందా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఆయన గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజీలు బయటికి తీయలేదు. ఇంజిన్ ఆపించి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, బ్లోయర్‌ను ఒకటి నుంచి నాలుగు వరకు తిప్పుతూ ప్రతి నంబరు దగ్గరా కాసేపు ఆగి చెవి ఒగ్గి విన్నారు. తరువాత ఒక అగరొత్తి వెలిగించి, ముందు వెంట్ల దగ్గర, కాళ్ల దగ్గర, అద్దం అడుగున పట్టుకొని పొగ ఎటు వంగుతోందో చూశారు. అన్నిచోట్లా పొగ ఒకే తీరుగా, బద్ధకంగా కదిలింది. ఒక్క చోటే తగ్గితే లోపల గాలిని మళ్లించే రెక్కలను అనుమానించాలని, అన్నిచోట్లా తగ్గింది కాబట్టి దారి మొదట్లోనే ఏదో అడ్డుపడిందని ఆయన చెప్పారు.

గ్లవ్ బాక్స్ ఊడదీసి, కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ బయటికి లాగారు. దాని మడతల్లో ఎండిన వేపపూత, ఈనెలు, దుమ్ము కలిసి బూడిదరంగు కంబళిలా అట్టకట్టి ఉన్నాయి. మా ఇంటి ముందు కారు నిలిపేది వేపచెట్టు కిందే. ఉగాది నుంచి రాలిన పూతంతా అద్దం కింది జాలీలోంచి లోపలికి దిగింది. ఫిల్టర్ పక్కన పెట్టి బ్లోయర్ తిప్పగానే అగరొత్తి పొగ ఒక్క ఉదుటున చెదిరిపోయింది.

ఆయన అంతటితో ఆగకుండా టార్చి వేసి, గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ చూశారు. కాయిల్ మరీ చల్లబడకుండా, గ్యాస్‌ను తిప్పే కంప్రెసర్‌ను ఆపించే సెన్సార్ తీగ తన చోటు నుంచి జారి వేలాడుతోంది. గాలి ఆడక, కంప్రెసర్ ఆగక, కాయిల్ సున్నా డిగ్రీల కిందికి పోయి, దాని మీది తేమ మంచుగా గడ్డకట్టి, మిగిలిన కాస్త దారినీ మూసేసింది. కోదాడలో నేను చూసిన మడుగు ఆ మంచు కరిగిన నీరే. గంట నడిపాక గాలి తగ్గి, ఏసీ కాసేపు ఆపితే తిరిగి వస్తోందంటే మంచు కడుతున్నట్టే లెక్క. గ్యాస్ తక్కువైనప్పుడు కూడా మంచు కట్టవచ్చు, కానీ ఫిల్టర్, సెన్సార్ చూడకుండా నేరుగా అక్కడికి వెళ్లకూడదు.

మీ కారులో గాలి మొదటి నిమిషం నుంచే తక్కువగా ఉంటే కథ వేరు. ఒకటి, రెండు, మూడు నంబర్లలో అసలు రాకుండా నాలుగులో మాత్రమే వస్తుంటే అది దాదాపుగా బ్లోయర్ వేగాన్ని తగ్గించే రెసిస్టర్ కాలిపోవడమే, ఎందుకంటే చాలా కార్లలో ఆఖరి నంబరుకు కరెంటు ఆ రెసిస్టర్ గుండా పోదు. ఏ నంబరులోనూ రాకపోతే ముందు ఫ్యూజు చూడండి, తరువాతే మోటారు. డ్యాష్‌బోర్డులో టకటకమని చప్పుడు వస్తూ ఒక పక్క చల్లగా, ఒక పక్క వేడిగా వస్తుంటే రెక్కను తిప్పే చిన్న మోటారు పళ్లు అరిగి ఉంటాయి. ఎడమ సీటు కింద కార్పెట్ తడిసి, కారు కింద నీటిచుక్కే లేకపోతే నీరు పోయే గొట్టం మూసుకుపోయింది. నీటితో పాటు తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు పొర ఉంటే అది ఏసీ నీరు కాదు, హీటర్ నుంచి కారుతున్న కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. దాన్ని మాత్రం వాయిదా వేయవద్దు.

ఫిల్టర్‌ను గాలి కొట్టి తిరిగి పెట్టే అలవాటు కూడా నాకు బాధ కలిగిస్తుంది. పై దుమ్ము ఎగిరిపోతుంది గాని మడతల లోపలి సన్నని దుమ్ము అలాగే ఉంటుంది, కాగితం చిరిగితే ఆ దుమ్మంతా నేరుగా కాయిల్ మీదికి, మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కొన్ని వందల రూపాయలకు కొత్తది వస్తుంది. బిగించేటప్పుడు దాని మీది బాణం గుర్తు గాలి వెళ్లే దిక్కుకే ఉండాలి.

గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అది మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఒక్కసారిగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా నింపితే అది మళ్లీ గాలిలో కలుస్తుంది, పైగా చాలా కార్లలో వాడే ఆర్-134ఎ అనే ఏసీ గ్యాస్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. కాబట్టి మీ మెకానిక్‌ను రెండే ప్రశ్నలు అడగండి: లీకు ఎక్కడుంది, బానెట్ కింది స్టిక్కరు మీద రాసిన బరువు ప్రకారం తూచి నింపుతారా, లేక గేజీ చూసి అందాజుగానా? అంతకన్నా ముందు ఈ సాయంత్రమే గ్లవ్ బాక్స్ తెరిచి ఆ ఫిల్టర్‌ను ఒకసారి బయటికి లాగి చూడండి.