బోర్డులో కూర్చునే జడ్జికి పిల్లల మనసు తెలుస్తుందా?

ప్రశ్న: మాది రాయగడ. మా చెల్లెలి కొడుకు, పదహారేళ్ల వాడు, బైక్ దొంగతనం కేసులో ఇరుక్కున్నాడు. జువెనైల్ బోర్డుకి రమ్మన్నారు. రోజూ పెద్దవాళ్ల కేసులు చూసే జడ్జికి పిల్లల సంగతి ఏం తెలుస్తుంది మేడమ్? పైగా వాడు ఇన్నాళ్లూ పార్వతీపురంలో అమ్మమ్మ దగ్గర చదివాడు, ఒడియా సరిగా రాదు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: తెలిసి తీరాలనే చట్టం అంటోంది అన్నయ్యా. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం మీవాడి కేసు వినే బోర్డులో ఉండేది ముగ్గురు. కనీసం 3 ఏళ్ల అనుభవమున్న మేజిస్ట్రేటు ఒకరు, సామాజిక కార్యకర్తలు ఇద్దరు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ. వాళ్లు పిల్లల చదువు, ఆరోగ్యం, సంక్షేమం పనుల్లో 7 ఏళ్లయినా ఉన్నవాళ్లై ఉండాలి, లేదంటే బాలల మనస్తత్వశాస్త్రం, సైకియాట్రీ, సోషియాలజీ, లా లాంటి వాటిలో డిగ్రీతో ప్రాక్టీసు చేస్తుండాలి. నియమించిన 60 రోజుల్లోగా మేజిస్ట్రేటుతో సహా ముగ్గురికీ ట్రైనింగ్ ఇప్పించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. నన్నడిగితే ట్రైనింగ్ అయ్యాకే కుర్చీ ఇవ్వాలి, ఆ రెండు నెలల్లో వచ్చే పిల్లలు మాత్రం ఏం పాపం చేశారు?

ఇక భాష సంగతి, నాకు అసలు భయం ఇక్కడే. భాష రాని పిల్లాడు బెదురుతో ఏమడిగినా తలూపుతాడు, అది కాస్తా ఒప్పుకున్నట్టు కాగితం మీదికెక్కితే ఎంత ట్రైనింగ్ అయినవాళ్లున్నా లాభం లేదు. విచారణ భాష పిల్లాడికి అర్థం కాకపోతే అర్హత, అనుభవం ఉన్న దుబాసీని బోర్డే ఏర్పాటు చేయాలని 8వ సెక్షన్‌లో ఉంది. మొదటి రోజే లాయరు చేత రాతపూర్వకంగా అడిగించండి. లాయరుకి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, పిల్లలకి ఉచితమే.

వాణ్ణి బోనులో నిలబెడతారని చెల్లెమ్మ బెంగపడుతుంటే, అక్కడ బోనూ ఉండదు, ఎత్తు వేదికా ఉండదని చెప్పండి. లాకప్‌లో పెట్టడానికీ వీల్లేదు. బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి, కాదంటే కారణం రాయాలి. మామూలు దొంగతనం కేసైతే 4 నెలల్లో, గడువు పెంచినా మరో 2 నెలల్లో విచారణ తేలకపోతే అది అంతటితో ముగిసినట్టే.

వెళ్లేటప్పుడు స్కూల్లో ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ మర్చిపోకండి, వయసు తేల్చడానికి ముందు చూసేది దాన్నే.