ఖాళీ గది, చింతగింజల లెక్క

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ తొందర చూసి సగమే మాట్లాడాను. మిగతాది తీరిగ్గా రాస్తున్నాను. తెనాలి స్టేషన్ రోడ్డులో బావగారు కట్టించిన ఆ గది ఎన్ని వేషాలు వేసిందో నాకు తెలుసు. మొదట ఎస్టీడీ బూత్, తర్వాత జిరాక్స్, ఆపైన సెల్‌ఫోన్ల కొట్టు. ఉగాదికి ఆ కుర్రాడు ఖాళీ చేసి వెళ్లాడు. దసరాకల్లా ఏదో ఒకటి తెరిచేయాలని నీ పట్టుదల. ఆ 'ఏదో ఒకటి' దగ్గరే నాకు భయం.

'సొంత గదే కదా మామయ్యా, అద్దె లేదు' అన్నావు చూడు, సరిగ్గా అదే మాట 1996లో నేనూ అన్నాను. ఇంటి ముందు గదిలో ఫ్యాన్సీ కొట్టు పెట్టాను. గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు. గల్లాపెట్టె ఎప్పుడూ ఖాళీగా లేదు కాబట్టి బాగానే నడుస్తోందనుకున్నాను. మూడేళ్ల తర్వాత మీ అత్తయ్య కూర్చోబెట్టి లెక్క వేయిస్తే నెలకు 1,100 రూపాయలు మిగులుతున్నట్టు తేలింది. అదే గదిని పక్కన మందుల కొట్టాయన 1,500కు అడుగుతున్నాడు! అంటే మూడేళ్లు పొద్దుట నుంచి రాత్రి దాకా నిలబడి, నెలకు నాలుగు వందలు నేనే ఎదురిచ్చానన్నమాట. అందుకని నీ గదికి బయటివాళ్లు ఎంత ఇస్తారో ముందు కనుక్కో. ఎనిమిది వేలంటే ఎనిమిది వేలు, ప్రతి నెలా ఒకటో తారీఖున వ్యాపారం డబ్బులోంచి తీసి వేరే ఖాతాలో వెయ్యి. అది పోగా, నీ కూలి కూడా పోగా, మిగిలిందే లాభం.

ఇక ఏం పెట్టాలన్నది. మొన్న వచ్చినప్పుడు ఎదుటి టీ కొట్టు బల్ల మీద గంటన్నర కూర్చున్నానని చెప్పానా? ఎడమ జేబులో చింతగింజలు పోసుకుని, సాయంత్రం ఆరు దాటాక మీ గది ముందు నుంచి భోజనం క్యారియరు సంచితో వెళ్లే మనిషికొక గింజ చొప్పున కుడి జేబులో వేశాను. 143 అయ్యాయి. గుంటూరు, విజయవాడ వెళ్లి రైలు దిగి ఇళ్లకు పోయేవాళ్లే అంతా. వాళ్లలో 31 మంది మూలమీది కూరగాయల బండి దగ్గర ఆగారు. మధ్యాహ్నం చూస్తే రోడ్డంతా నిద్రపోతోంది. పైగా గది పడమటి ముఖం, రెండు దాటితే ఎండ గడప దాటి లోపలి గోడ దాకా వస్తుంది. నువ్వు కూడా వారంలో మూడు సాయంత్రాలు, ఒక ఆదివారం ఇలా లెక్కపెట్టు. నా లెక్క ఒక్క రోజుదే.

బట్టల కొట్టు వద్దు, ఆ ఎండకు నెలలో రంగులు వెలిసిపోతాయి. నీళ్ల ప్లాంటు ఆ వీధిలో ఇప్పటికే రెండున్నాయి. పోటీ పరీక్షల పిల్లలకు స్టడీ హాలు ఆలోచన మంచిదే, కానీ ఆటోల హారన్ల మధ్య ఏం చదువుతారు? కర్రీ పాయింట్ నడుస్తుంది, సందేహం లేదు. అయితే పొగ గొట్టం పై వాటా వాళ్ల కిటికీ పక్కగా పోవాలి, మిగిలిన కూర మర్నాటికి పనికిరాదు. మొదటి ఏడాది ఆ జోలికి పోకు.

నా మనసు ఇడ్లీ, దోసె పిండి వైపు ఉంది. పక్కన కందిపొడి, కారప్పొడి, నువ్వులపొడి. రైలు దిగిన మనిషికి రేపటి టిఫిను బెంగ తీరుతుంది. నువ్వు మినపగుళ్లు ఒకటికి రవ్వ రెండు కలిపే నేర్పు మాకందరికీ తెలిసిందే. కష్టమల్లా ఎండాకాలంతోనే. మాకు తెలిసిన ఒకావిడ ఏప్రిల్‌లో పిండి ప్యాకెట్లు మధ్యాహ్నం దాకా బల్ల మీద ఉంచింది. బంతుల్లా ఉబ్బి, ఒకటి పగిలి తూకం యంత్రం నిండా నురగ. రుబ్బిన పిండి వెంటనే చల్లటి పెట్టెలోకి పోవాలి. గంటలకొద్దీ కరెంటు పోతే ఏం చేస్తావో ముందే ఆలోచించుకో. మొదట రోజుకు పది కిలోలకు మించి రుబ్బకు. ఏడున్నరకే అయిపోయి నలుగురు తిరిగి వెళ్లినా నష్టం లేదు.

కాగితాల సంగతి. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషను, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు లేకుండా షట్టరు ఎత్తకు. కరెంటు మీటరు వాణిజ్య కేటగిరీలోనే ఉందో లేదో, గ్రైండర్ల లోడు తట్టుకుంటుందో లేదో లైన్‌మ్యాన్‌ను కాదు, ఆఫీసులోనే అడుగు. అప్పు కావాలంటే ముద్ర పథకంలో 'శిశు' అనే విభాగం కింద 50,000 దాకా హామీ లేకుండా ఇస్తారు. ఆ మొత్తానికి రెండు టేబుల్‌టాప్ గ్రైండర్లు, ఒక సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్, తూకం యంత్రం సర్దుకోవచ్చు. ఆహార తయారీ చిన్న సంస్థలకు 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారేమో బ్యాంకులో అడిగి చూడు. కానీ అది అప్పుతో ముడిపడిన సబ్సిడీ. దాని కోసమని పెద్ద యంత్రాలు కొన్నవాళ్లను చూశాను, యంత్రాలకు దుమ్ము, ఇంటికి వాయిదాలు మిగిలాయి.

లెక్క కుదరకపోతే అద్దెకిచ్చెయ్యి, అందులో చిన్నతనం లేదు. పదకొండు నెలల అద్దె కాగితం చాలు, రిజిస్ట్రేషను ఎందుకులే అనే మధ్యవర్తుల మాట వినకుండా రిజిస్టరు చేయించు.

శనివారం సాయంత్రం రేపల్లె బండికి వస్తున్నాం, నేనూ అత్తయ్యా. ఆవిడకు కూడా ఒక దోసెడు చింతగింజలు ఇస్తాను, రోడ్డుకు అవతలి వైపు కూర్చుంటుంది. ఈలోగా షట్టరుకు గ్రీజు పెట్టించు. ఉగాది నుంచి ఎత్తలేదు కదా, ఈ వానలకు పట్టేసి ఉంటుంది.

ఇట్లు,
నీ మామయ్య